సైకియాట్రీ ఓపీకి వెళ్ళే ముందు, వెళ్ళొచ్చాక

తిరుపతి బాలాజీ కాలనీ పక్క సందులో నాకు ఆడపిల్లల హాస్టల్ ఉంది. యూనివర్సిటీలో పీజీ చదివేవాళ్ళు, నర్సింగ్ పిల్లలు, బ్యాంకు కోచింగ్ కోసం పలమనేరు, పుంగనూరు, రాజంపేట నుంచి వచ్చినవాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, అందరూ పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపే. డిప్రెషన్, బైపోలార్ (మూడ్ కొన్నాళ్ళు అట్టడుగుకు, కొన్నాళ్ళు అతి హుషారుకు పోయే జబ్బు) లాంటివి ఎక్కువగా తలెత్తేది ఈ వయసులోనే. అమ్మ పక్కన లేని వయసు కూడా ఇదే. అందుకని పిల్లలకు తోడుగా సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీకి వెళ్ళడం నాకు అలవాటైపోయింది. మీ ఇంటి పిల్లను మొదటిసారి తీసుకెళ్ళాల్సి వచ్చినా, మీరే వెళ్ళాల్సి వచ్చినా పనికొస్తుందని రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మందుల గురించి రాసిందంతా మీ డాక్టరును ఏం అడగాలో తెలియడానికే.

డాక్టరు ముందు కూర్చునేది కొన్ని నిమిషాలు. మిగతా నెలంతా మనమూ, మన మాత్రల డబ్బా. ఆ నిమిషాలకు సిద్ధపడి వెళ్ళాలి, ఆ తర్వాతి నెలను జారిపోనివ్వకూడదు. ఓపీ వైద్యమంటే ఇంతే.

పరీక్ష పోయిందని రెండు రోజులు ఏడ్చిన పిల్లను ఓపీకి తీసుకెళ్ళక్కర్లేదు. రెండు వారాలైనా తేరుకోకుండా తిండి, నిద్ర, చదువు దెబ్బతింటుంటే వెళ్ళాలి. నాకు ముందు తెలిసేది మెస్‌లోనే. ఆదివారం చికెన్ రోజు కూడా ప్లేటు తీసుకోవడానికి రాదు. తర్వాత బాత్‌రూమ్ బయట బకెట్లో నానబెట్టిన బట్టలు అట్లే ఉండి వాసన కొడతాయి. అడిగితే "ఏంల్యా ఆంటీ, నిద్ర పట్టల్యా, అంతే" అంటారు. కొందరిలో ఇది తలకిందులుగా ఉంటుంది. రాత్రంతా మేలుకుని గలగలా మాట్లాడతారు, ఉన్న డబ్బంతా ఆన్‌లైన్‌లో తగలేస్తారు, అలసటన్నదే ఉండదు. హుషారుగా ఉందిలే అనుకుని మనం వదిలేస్తాం. ఎవరో తన వెనక మాట్లాడుకుంటున్నారని, గొంతులు వినిపిస్తున్నాయని చెప్తే మాత్రం రెండు వారాలు కూడా చూడొద్దు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దవాళ్ళు జంకుతారు. అలా పుట్టదు, అడిగినందుకు ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది. ఔనని చెప్తే ఒంటరిగా వదలకండి, రేపటి ఓపీ కోసం ఆగకండి. నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి, బండి లేకపోతే 108 ఉంది. రాత్రిపూట ఎవరితో మాట్లాడాలో దిక్కుతోచనప్పుడు 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రి కూడా ఎత్తుతారు. ఆత్మహత్యా ప్రయత్నం జరిగితే పోలీసు కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వెనకాడే ఇళ్ళున్నాయి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే భావించాలి, శిక్షించకూడదు. ముందు ప్రాణం చూసుకోండి.

ఇక ఎక్కడికి వెళ్ళాలి? తిరుపతిలో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధమైనది. ఓపీ చీటీ తీసుకునేటప్పుడు 'సైకియాట్రీ' అని స్పష్టంగా చెప్పండి. మనవైపు జనం నరాల బలహీనత, నరాల డాక్టరు అంటూ న్యూరాలజీ క్యూలో నిలబడి పూటంతా పోగొట్టుకుంటారు. ప్రైవేటులో అయితే డాక్టరు బోర్డు మీద సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చదివినట్టు ఉందా చూసుకోండి. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్ళు వేలూరు సీఎంసీ వాళ్ళ బాగాయం కేంద్రానికి, మదనపల్లె వైపు వాళ్ళు బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్తుంటారు. రెండూ పేరున్నవే. అయినా నా అభిప్రాయం అడిగితే, మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కో యాంగ్జయిటీకో అంత దూరం వద్దు. ఈ వైద్యానికి నెలనెలా వెళ్ళాలి. దూరపు పెద్దాసుపత్రికి ఒక్కసారి వెళ్ళి మానేయడం కన్నా, ఆటోలో పోయిరాగలిగిన చోటికి ఏడాది పాటు వెళ్ళడమే మేలు. కొండకు మొక్కుకుంటే మొక్కుకోండి, తాయెత్తు కట్టించినా నేను అడ్డు చెప్పను. ఓపీ తేదీ మాత్రం దాని కోసం వాయిదా వేయొద్దు.

వెళ్ళే ముందు రాత్రి కూర్చుని ఒక కాగితం రాయండి. డాక్టరు ముందుకు వెళ్ళగానే పిల్లలకు నోరు పెగలదు, అమ్మ అయితే పుట్టినప్పటి నుంచి మొదలుపెడుతుంది. కాగితం ఇట్లా ఉంటే చాలు:

నిద్ర: రెండింటికి పడుతుంది, నాలుగున్నరకే మెలకువ. జూన్ నుంచి ఇంతే.
తిండి: మధ్యాహ్నం మానేసింది. బరువు 52 నుంచి 47కు వచ్చింది.
చదువు: ఒక పేజీ చదివి మళ్ళీ మొదటి లైనుకే వస్తోంది.
దడ: బస్సులో, మెస్ క్యూలో. పది నిమిషాలు ఉంటుంది, చేతులు చల్లబడతాయి.
పీరియడ్స్: రెండు నెలలుగా రాలేదు.
ఇంట్లో: మేనమామకు ఇట్లాంటిదే ఉండేది, మందులు వాడాడు.
ఇప్పుడు వాడుతున్నవి: థైరాయిడ్ మాత్ర 50.

మేనమామ లైను దగ్గరే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "అదెందుకు రాయడం, రేపు సంబంధాలు వస్తే" అని అమ్మ అంటుంది. రాయాల్సిందే. కుటుంబంలో బైపోలార్ ఉన్నట్టు తెలియకుండా డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే కొందరిలో మూడ్ ఒక్కసారిగా అతి హుషారు వైపు ఎగిసిపోయే ప్రమాదం ఉంది. మామకు ఏ మందు పనిచేసిందో తెలిసినా డాక్టరుకు దారి దొరుకుతుంది. సిగరెట్, మందు, గంజాయి అలవాట్లుంటే అవి కూడా రాయాలి. అమ్మ చూస్తుందని భయమైతే ఆ ఒక్కటీ పిల్ల చేతే వేరే చీటీ మీద రాయించండి.

లోపలికి మొదట పిల్లనొక్కదాన్నే పంపండి. డాక్టరు పిలిచాక పెద్దవాళ్ళు వెళ్ళొచ్చు. పద్దెనిమిది నిండినవాళ్ళ వైద్యం వాళ్ళ నిర్ణయమే, లోపల చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెప్తోంది. ఈ సంగతి పిల్లకు ముందే చెప్తే నోరు విప్పుతుంది. ఆధార్, పాత చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకోండి. నీళ్ళ సీసా, బిస్కట్లు కూడా. ప్రభుత్వాసుపత్రిలో పూట గడిచిపోతుంది.

మొదటి రోజే థైరాయిడ్, హిమోగ్లోబిన్ లాంటి పరీక్షలు రాస్తే విసుక్కోవద్దు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మాత్రల సంగతి. డిప్రెషన్‌కు, యాంగ్జయిటీకి ఎక్కువగా రాసేది ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటివి. వీటికి అలవాటు పడిపోతామన్న భయం అక్కర్లేదు. కానీ వేసుకున్న మర్నాటికే గుణం కనిపించదు. రెండు వారాల నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువే. ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి: వికారం, తలనొప్పి, కొందరికి నిద్రమత్తు, కొందరికి ఉన్న నిద్ర కూడా పోవడం. లాభం కనిపించకముందే నష్టం కనిపిస్తుంది కాబట్టి చాలామంది అక్కడే మానేస్తారు. తిన్న తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. శనివారం ఒంటిపొద్దు ఉండే పిల్లలకు నేను చెప్పేది, ఆ ఒక్క పూట భోజనం తర్వాతే మాత్ర వేసుకోమని. అసలే బరువు తగ్గిపోతున్న పిల్ల కొన్నాళ్ళు ఒంటిపొద్దు మానేస్తే స్వామి ఏమీ అనుకోడు.

పాతికేళ్ళ లోపువాళ్ళకు ఈ మాత్రలు మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, చచ్చిపోవాలన్న ఆలోచనలు కొందరిలో పెరగొచ్చు. మందు సమాచార పత్రంలో ప్రత్యేకంగా హెచ్చరిక వేసేంత ముఖ్యమైన విషయమిది. మాత్రలు మానేయడానికి ఇది కారణం కాదు, కనిపెట్టుకుని ఉండటానికి కారణం. ఆ వారాల్లో పిల్లను సింగిల్ రూములో ఉంచను. ఉన్నట్టుండి చిరాకు, కుదురులేనితనం, నిద్ర బొత్తిగా లేకపోవడం కనిపిస్తే రివ్యూ తేదీ దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నెల మాత్రలన్నీ పిల్ల దగ్గరే ఉంచడం మంచిదా అని డాక్టరునే అడగండి. వద్దంటే పిల్లకు చెప్పి, ఒప్పించి, వారానికి సరిపడా ఇచ్చి మిగతావి నా బీరువాలో పెడతాను.

దడకో నిద్రకో క్లోనజెపామ్ లాంటిది రాస్తే ఎన్నాళ్ళు వాడాలో అక్కడే అడిగి చీటీ మీద రాయించుకోండి. అలవాటయ్యేది ఇలాంటి మందే. కొన్నాళ్ళు వాడాక ఉన్నపాటున ఆపకూడదు, సొంతంగా పొడిగించనూకూడదు. మందుల షాపులో వేరే కంపెనీది ఇస్తే కంగారు వద్దు, లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు ఒకటేనా చూసుకోండి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడే పిల్ల ఉంటే ఇంకా జాగ్రత్త. దానికి రక్తపరీక్షలు తప్పవు, ఎందుకంటే రక్తంలో మందు కాస్త ఎక్కువైనా విషమవుతుంది. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే ఆ మోతాదు పెరిగిపోతుంది. మే నెల ఎండలో అలిపిరి 3,550 మెట్లు ఎక్కుతానని బయల్దేరితే ముందు డాక్టరును అడగమంటాను. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. హాస్టళ్ళలో ఇంకో అలవాటుంది, పీరియడ్ నొప్పికి పక్క మంచం అమ్మాయి మెఫ్టాలో బ్రూఫెనో ఇచ్చేస్తుంది. ఆ రకం నొప్పి మాత్రలు లిథియంను పెంచుతాయి. మా దగ్గర అడగకుండా మాత్రలు పంచుకోవడం బంద్. మూడ్ మందుల్లో వాల్‌ప్రోయేట్ రాస్తే, గర్భం దాల్చే వయసు ఆడపిల్లకు వేరేది వీలవుతుందా అని అడగండి, బిడ్డకు హాని చేసే మందు అది.

కౌన్సెలింగ్ గురించి. సైకియాట్రిస్టు మందులు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేస్తారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తుంటే క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్నాయా అడగండి, అడగడానికి మొహమాటం ఎందుకు? సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకునేలా చేసే వైద్యం) అయితే సాధారణంగా వారానికోసారి ముప్పావుగంటో గంటో కూర్చుంటారు, ఇంటికి రాతపని ఇస్తారు. ఆ రాతపని చేయకుండా వెళ్తే డబ్బు దండగ. గంటసేపు "పాజిటివ్‌గా ఉండమ్మా" అని చెప్పి పంపేవాళ్ళ దగ్గరికి రెండోసారి వెళ్ళొద్దు.

అమ్మానాన్నలకు చెప్పాలా? పిల్ల ఒప్పుకున్నాకే నేను ఫోన్ చేస్తాను, ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్ప. చెప్పేటప్పుడు జబ్బు పేరుతో మొదలుపెట్టను. "నెల నుంచి నిద్ర లేదమ్మా, డాక్టరుకు చూపించాం, మందులిచ్చారు, రివ్యూకు మీరు రాగలరా" అంటాను. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ లేదు, 2025 ఆగస్టు నుంచి. ఆ మాట చెప్తే సగం మంది అమ్మలు బయల్దేరి వస్తారు. వచ్చాక వాళ్ళ మొదటి ప్రశ్న దాదాపు ఒకటే, పెళ్ళి చేసేస్తే సర్దుకోదా అని. అది నన్ను కాదు, డాక్టరును అడగమంటాను. డాక్టరు నోటి నుంచి వింటే తలకెక్కుతుంది.

రివ్యూకు వెళ్ళేటప్పుడు కొత్త కాగితం రాయాలి. పాత లైన్లే, కొత్త జవాబులు. బ్రహ్మోత్సవాల వారంలో తేదీ పడితే ముందే మార్పించుకోండి, ఆ రోజుల్లో ఆటో దొరకదు, దొరికినా కదలదు.

రెండో నెలకో మూడో నెలకో పిల్ల నవ్వుతుంది, దోసెలు రెండోసారి అడుగుతుంది. ఆంటీ, బాగైపోయింది, ఇక మాత్రలెందుకు అంటుంది. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు కూడా బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. ముందే ఆపితే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం, చిరాకు రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి, అది కూడా సెమిస్టర్ పరీక్షల ముందు మొదలుపెట్టకుండా.

ఈ మధ్యలో బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం వస్తే, బయల్దేరే ముందు డాక్టరు దగ్గర ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయించుకోండి: జబ్బు ఏమిటి, ఏ మందు ఎప్పటి నుంచి, ఎంత మోతాదు, ఏది పడలేదు. నెలకు సరిపడా మాత్రలు కొని పెట్టుకోండి. అక్కడ డాక్టరు అపాయింట్‌మెంటును మొదటి జీతం వచ్చేదాకా వాయిదా వేయకుండా ఇక్కడి నుంచే ఫోన్‌లో తీసుకోండి.