పెళ్ళిళ్ళ సీజన్‌లో పాత లేడీస్ వాచీ కొనేముందు

విశాఖ జగదాంబ సెంటర్లో కొన్నా, ఫోన్‌లో ఫొటో చూసి కొన్నా సరే, వెనక మూత తీసి చూపించనివాళ్ళకి అడ్వాన్సు కూడా ఇవ్వకండి. పెట్టె, గ్యారంటీ కార్డు, "షిప్పులో పనిచేసే మా బావ తెచ్చాడు" అన్న మాట, ఇవేవీ రుజువులు కావు. పెట్టెలు విడిగానే దొరుకుతాయి.

లేడీస్ వాచీల్లో పూర్తి నకిలీ కంటే అతుకుల వాచీతోనే ఎక్కువ చిక్కు. బంగారం రేటు పెరిగితే పాత కేసుల్ని, అంటే వాచీ పై బంగారు గుల్లల్ని, కరిగించేస్తారు. మిగిలిన అసలు మిషన్, అంటే లోపలి యంత్రం, ఏదో ములాం కేసులోకి చేరుతుంది. అందుకే కంపెనీ పేరు డయల్ మీద ఉంటే చాలదు, మిషన్ మీదా మూత లోపలా కూడా చూడాలి. మిషన్ చుట్టూ రేకు ముక్కలు దూర్చినా, కీ ఇచ్చే పుల్ల కేసు రంధ్రానికి తిన్నగా రాకపోయినా అది అతుకే.

1995కి ముందు స్విస్ 18 కేరెట్ల కేసు మీద సాధారణంగా హెల్వేషియా అనే స్త్రీ తల ముద్ర, 14 కేరెట్లకి ఉడుత ముద్ర ఉంటాయి. ఆ తర్వాత వచ్చింది సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. అమెరికాలో తయారైన కేసులకి ఇవి ఉండవు. నగల షాపులో బంగారం పరీక్షించే మెషీన్ పైపొరనే చదువుతుంది, 20 మైక్రాన్ల పూత దాన్ని మోసం చేయగలదు. పట్టీ తగిలించే కొమ్ముల మూలల్లో రంగు మారిందేమో భూతద్దంతో చూడండి. కార్టియర్ కంపెనీ వారి పాత మస్ట్ డి కార్టియర్ రకమైతే సాధారణంగా 925 వెండి మీద బంగారు పూత. దాన్ని గట్టి బంగారమని అమ్మితే, వాచీ అసలుదైనా మాట అబద్ధం.

26 మిల్లీమీటర్ల రోలెక్స్ డేట్‌జస్ట్ బ్యాటరీతో ఎప్పుడూ రాలేదు. ముల్లు సెకనుకోసారి గెంతితే వెనక్కిచ్చేయండి. పాతవాటిలో చైన్ తీస్తే 12 వైపు మోడల్ నంబరు, 6 వైపు సీరియల్ ఉండాలి. 6917 మోడల్లో 2030 లేదా 2035 నంబరు మిషన్, 69173 మోడల్లో 2135 ఉండాలి.

డయల్ మీద ఇంగ్లీషు 'టి' (T) అక్షరాలుంటే, చీకట్లో మెరిసే రంగులో వాడింది ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం. 12 ఏళ్ళకోసారి దాని బలం సగానికి పడిపోతుంది. కాబట్టి 1975 నాటి వాచీ ఇప్పుడు చీకట్లో ధగధగలాడితే కొత్త రంగు పూసినట్టే. అంతమాత్రాన నకిలీ కాదు గానీ ధర బాగా తగ్గాలి. 1950ల నాటి మెరిసే రంగు రేడియం కావచ్చు, గోటితో గీకకండి, ఆ పొడి పీల్చకండి.

మన ఊళ్ళో ఇంకో సంగతి. వానరోజున, బీచ్ రోడ్డు గాలిలో మూత తెరిపించకండి. ఏసీ కారులోంచి దిగగానే తెరిస్తే చల్లని మిషన్‌కి తేమ పట్టి స్టీలు భాగాలు తుప్పెక్కుతాయి. అరగంట ఆగండి. బిల్లులో మోడల్, సీరియల్, మిషన్ నంబర్లు, డయల్ మళ్ళీ రంగేసిందా లేదా అన్నదీ రాయించుకోండి.