చెక్క ఫలకం చదవడం – 4వ పాఠం: గుర్తుల ముఖాలు ఎటు చూస్తున్నాయి?

ప్రాచీన ఈజిప్టులో మరణించినవారి కోసం చిత్రలిపి గుర్తులతో రాసిన చెక్క ఫలకాలను చదవడం నేర్చుకుంటున్నాం. గత పాఠంలోని అభ్యాసానికి వచ్చిన సమాధానాలు చాలావరకు ఒకే చోట తప్పాయి: దేవుడికి చెందిన మాటలను మరణించిన వ్యక్తి పేరుకు చేర్చి చదివారు. అందువల్ల ఈసారి చెబుతానన్న నైవేద్య సూత్రాన్ని (మరణించినవారికి నైవేద్యం కోరే మాటలను) చివరికి జరిపి, ముందు ఈ చిక్కు విడదీస్తాను. ఫలకం సుద్దపూత, రంగులు, గుండ్రని పైభాగం మీకు తెలిసినవే.

పక్షులు, జంతువులు, మనుషుల గుర్తులు ఏ వైపు చూస్తుంటే పంక్తి ఆ వైపు నుంచే మొదలవుతుంది. అంటే మనం ఎప్పుడూ వాటి ముఖాలకు ఎదురు వెళ్తూ చదవాలి. తెలుగు అలవాటుతో ఎడమ నుంచి మొదలుపెట్టినా, ఉర్దూ అలవాటుతో కుడి నుంచి మొదలుపెట్టినా, ఫలకం మొత్తాన్ని ఒకే దిశలో చదివితే తప్పు తప్పదు. ఎందుకంటే సాధారణంగా ఎవరి మాటలు వారి బొమ్మ చూసే వైపే చూస్తాయి. డేగ తల గల సూర్యదేవుడు రా-హొరాఖ్తి కుడివైపు చూస్తుంటే ఆయన పైనున్న నిలువు వరుసలను కుడి నుంచి ఎడమకు, ఎదుట చేతులెత్తి ఎడమవైపు చూస్తున్న భక్తురాలి వరుసలను ఎడమ నుంచి కుడికి చదవాలి. రెండు వచనాలూ మధ్యలో ఎదురుపడతాయి. ఆ సరిహద్దును దాటి చదివినందువల్లే పోయినసారి దేవుడి బిరుదులు మనిషికి అంటుకున్నాయి.

గుడ్లగూబను మాత్రం ముఖం చూసి నమ్మవద్దు. అది ఎప్పుడూ మనవైపే చూస్తుంది కనుక దాని ఒంటి దిశను గమనించాలి. సూర్యబింబం, నోరు, నీటి అల రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి దిశ చెప్పవు. నేనైతే ఒక్క అక్షరం చదవకముందే ప్రతి వరుస నెత్తిన పెన్సిలుతో బాణం గీస్తాను, ఆ తర్వాత ఆసనం, కన్ను గుర్తులు కలిసిన, మృతుల దేవుడైన ఒసిరిస్ పేరును వెతుకుతాను. మరణించినవారి పేరు తరచు దాని వెనుకే ఉంటుంది, స్త్రీ అయినా సరే.

ఇక నైవేద్య సూత్రం: "హెతెప్ దీ నెసు", రాజు ఇచ్చే నైవేద్యం. గౌరవం కొద్దీ రాజు గుర్తును ముందు రాస్తారు, కాని ఆ మాటను (నెసు) చివర చదువుతారు.

అభ్యాసం: పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు 22వ రాజవంశ కాలపు తపెరెత్ అనే స్త్రీ ఫలకం రెండు వైపుల ఫొటోలనూ తీసుకోండి. ఒకవైపు రా-హొరాఖ్తి సూర్యబింబం నుంచి పూలవంటి కిరణాలు ఆమెపైకి జాలువారుతాయి, రెండో వైపు సాయంసూర్యుడైన అతుమ్ ఉంటాడు. ప్రతి గుర్తునూ చేత్తో కాగితంపైకి ఎక్కించి, ఒక్కో వరుసకు బాణం గీయండి. అనువాదం పంపవద్దు, బాణాలు చాలు.