చిన్నపిల్లల తల్లి మళ్ళీ పీజీలో చేరితే: ఇంట్లో ఏమేం మార్చుకోవాలి

పెళ్ళయి పిల్లలు పుట్టాక ఎంటెక్‌లోనో, ఎమ్మెస్సీలోనో, పీహెచ్‌డీలోనో చేరిన తల్లి చదువు సిలబస్ కష్టమై ఆగిపోవడం అరుదు. హాజరు చాలక, ఇంటర్నల్ పరీక్ష రోజునే పిల్లాడికి జ్వరమొచ్చి, అత్తమ్మ ఊరెళ్ళిన వారంలోనే ప్రాక్టికల్స్ పడి ఆగిపోతుంది. ఇవన్నీ ముందే ఊహించగలిగినవే. కోర్సు మొదలవక ముందే వీటిని ఎవరు చూసుకోవాలో తేల్చుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు. కింద రాసింది ఆంధ్ర, తెలంగాణల్లో రెగ్యులర్ కోర్సులో చేరే తల్లికి, ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి. చదువుకెళ్ళేది నాన్న అయినా పద్ధతి ఇదే.

చేరకముందే డబ్బు సంగతి

ఉద్యోగం మానేసి చేరుతుంటే రాజీనామా లెటర్ కంటే ముందు ఆరోగ్య బీమా చూడండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంతంగా కొత్త పాలసీ తీసుకుంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిమ్ ఇవ్వరు. ముందునుంచీ ఉన్న జబ్బులకు 36 నెలలదాకా ఆగమనవచ్చు. కాబట్టి మానేయడానికి రెండు నెలల ముందే పాలసీ తీసుకోవాలి, లేదా భర్త కంపెనీ పాలసీలో పేర్లు చేర్పించాలి. ఏడాదికి ఒక్కసారే పేర్లు చేర్చే కంపెనీలున్నాయి, హెచ్‌ఆర్‌ను ముందే అడగండి.

పీఎఫ్ జోలికి పోవద్దు. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీసుకుంటే పన్ను పడుతుంది.

విద్యారుణం తీసుకుంటే కోర్సు నడిచినన్నాళ్ళూ, ఆపైన మరో ఏడాదీ వాయిదాలు ఉండవంటారు. నిజమే కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. భర్త జీతంలోంచి ఆ వడ్డీ ఒక్కటైనా నెలనెలా కట్టేస్తే కోర్సు అయ్యేసరికి అసలు అసలుగానే ఉంటుంది. కట్టిన వడ్డీకి 8 ఏళ్ళదాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. భార్య చదువుకైనా వర్తిస్తుంది. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవారికే, అదీ వడ్డీ కట్టే మనిషి పేరు లోన్‌లో ఉంటేనే. అందుకే భర్త పేరు కేవలం హామీదారుగా కాక సహ రుణగ్రహీతగా రాయించండి.

గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్, పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000. ఇవి ఒకటో తారీకున పడే జీతాల్లాంటివి కావు. కాగితాలు కదిలి మొదటి విడత పడేసరికి నెలలు పట్టవచ్చు. నాలుగు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకున్నాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి ప్రయాణం ఖర్చు తగ్గుతుంది. బ్యాగులో ఆధార్ ఉండాలి. డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాల్సిందే.

హాజరును రేషన్‌లా వాడుకోవాలి

75 శాతం హాజరు నిబంధనను చాలామంది సెమిస్టర్ చివర్లో గుర్తు చేసుకుంటారు. మొదటి రోజే లెక్క కట్టండి. 16 వారాలు, వారానికి 5 రోజులంటే 80 పనిదినాలు. మీకు మిగిలేవి 20. వాటిలో పిల్లల జ్వరాలకు 8, పెళ్ళిళ్ళు, శుభకార్యాలకు 4, మీ సొంత అనారోగ్యానికి 3 వేసుకుని, మిగతా 5 ముట్టుకోకుండా ఉంచండి. వరలక్ష్మీ వ్రతం, అన్నప్రాశన, మేనత్త కూతురి నిశ్చితార్థం అన్నీ ఆ నాలుగులోనే సర్దుకోవాలి. ఆ సంఖ్య చుట్టాలకు కూడా ముందే చెప్పేస్తే రాలేదని అలిగేవాళ్ళు తగ్గుతారు, కొద్దిగా.

ఇక్కడొక మెలిక ఉంది. చాలాచోట్ల హాజరును రోజుల్లో కాక పీరియడ్లలో, సబ్జెక్టువారీగా లెక్కిస్తారు. మూడు గంటల ల్యాబ్ ఒక్కటి పోతే మూడు పీరియడ్లు పోయినట్టే. సెలవు తప్పనిసరైతే ల్యాబ్ లేని రోజున పెట్టుకోండి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి వైద్య కారణాల మీద ఫీజు కట్టించుకుని మినహాయింపు ఇచ్చే యూనివర్సిటీలున్నాయి. మీ కాలేజీలో అది విద్యార్థి అనారోగ్యానికేనా, బిడ్డ అనారోగ్యానికీ ఇస్తారా అన్నది మొదటి వారంలోనే ఆఫీసులో కనుక్కోండి, రూలు ఉన్న కాగితం చూపించమనండి.

పనిని మొత్తంగా అప్పగించడం

అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. మామూలుగా జరిగేదేమిటంటే, భర్త 'ఏం చేయాలో చెప్పు, చేస్తాను' అంటాడు. చెప్పడం, గుర్తు చేయడం, అయిందో లేదో చూసుకోవడం ఆమె నెత్తిమీదే ఉండిపోతాయి. క్లాసులో కూర్చున్నా ఆమె బుర్ర ఇంట్లోనే ఉంటుంది.

ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని వారంలో జరిగే పనులన్నీ కాగితం మీద పెట్టండి. ప్రతి పని పక్కనా రెండు గడులు: చేసేది ఎవరు, గుర్తుపెట్టుకునేది ఎవరు. రెండు గడుల్లోనూ ఒకే పేరుంటే ఆ పని నిజంగా చేతులు మారినట్టు. టీకాలే తీసుకోండి. 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు, 5 నుంచి 6 ఏళ్ళ మధ్య మరో డీపీటీ బూస్టర్ ఉంటాయి. తేదీ గుర్తుంచుకోవడం, కార్డు వెతికి తీసుకెళ్ళడం, ఆ రాత్రి జ్వరమొస్తే లేచి చూడటం, అన్నీ కలిపి ఒకే పని. దాన్ని ముక్కలు చేయకూడదు.

నాన్నకు పూర్తిగా వదిలేయదగినవి: పిల్లల ఉదయం పనులు (లేపడం, స్నానం, యూనిఫాం, బాక్సు, దింపడం), గ్యాస్ బుకింగ్, సరుకుల లిస్టు, స్కూలుతో వ్యవహారం. ఈ చివరిదానికి రెండు చిన్న మార్పులు తప్పక చేయండి. స్కూలు డైరీలో మొదటి ఫోన్ నంబరు నాన్నది రాయించాలి, రెండోది దగ్గర్లో ఉండే చుట్టానిదో పక్కింటివారిదో. స్కూలు వాట్సాప్ గ్రూపులో నాన్న చేరాలి, అమ్మ బయటికి రావాలి. ఇద్దరూ ఉంటే చదివేది ఎప్పుడూ అమ్మే. 'రేపు పచ్చ రంగు డ్రెస్సు, ఒక పండు' అన్న మెసేజ్ రాత్రి తొమ్మిదిన్నరకు వస్తుంది. అప్పుడు పచ్చ చొక్కా వెతికేది ఎవరో ముందే తెలిసుండాలి.

మొదటి నెలలో పప్పులో ఉప్పెక్కువ అవుతుంది, జడ వంకరగా వస్తుంది. అమ్మ వెనకాలే వెళ్ళి సరిదిద్దిందా, ఆ పని మళ్ళీ ఆమెదే. నాలుగు వారాలదాకా పంపకాన్ని మార్చకండి, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోండి.

అత్తమ్మ, అమ్మ, క్రెష్

'అత్తమ్మ వచ్చి ఉంటారులే' అనుకుని ఊరుకోకండి. ఆవిడను కూర్చోబెట్టి అడగాలి: 'అత్తమ్మా, ఏ నెలలు ఊళ్ళో ఉండాలి మీరు? బాబును ఒక్కరే ఎంతసేపు చూసుకోగలరు?' నడక నేర్చిన పిల్లాడి వెనక మోకాళ్ళ నొప్పులతో రోజంతా తిరగడం కష్టం. వంట కూడా ఆవిడ మీదే పెడితే సంక్రాంతికి ఊరెళ్ళినవారు మళ్ళీ రారు. పిల్లాణ్ణి చూసుకునే మనిషి మీద వంట వేయకండి, గిన్నెలకు, ఇల్లు ఊడవడానికి పనమ్మాయిని పెట్టండి.

పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నా క్రెష్‌లో పూటబడి సీటు వదులుకోవద్దనే మా సలహా. ఆవిడ హఠాత్తుగా ఊరెళితే పిల్లాడు అప్పటికప్పుడు కొత్త చోటుకు అలవాటు పడలేడు, అది సరిగ్గా మిడ్ పరీక్షల్లోనే వస్తుంది. మూడేళ్ళు నిండితే దగ్గర్లోని అంగన్‌వాడీ కూడా పూటకు సరిపోతుంది, ఆటపాటలతో పాటు భోజనమూ పెడతారు.

క్రెష్‌కు అలవాటు చేయడం క్లాసులకు కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టండి. మొదటి వారం గంట, రెండో వారం రెండు మూడు గంటలు, మూడో వారం పూర్తి సమయం. దొంగచాటుగా వచ్చేయకండి. ఏడ్చినా సరే చెప్పే రావాలి, అదీ పిల్లలకు తెలిసే గుర్తుతో: 'పడుకుని లేచి పాలు తాగాక అమ్మ వస్తుంది.' నాలుగు గంటలకొస్తానంటే మూడేళ్ళవాడికి ఏం తెలుస్తుంది? కొన్ని వారాలు పక్క తడపడం, కొంగు వదలకపోవడం, చెప్పిన మాట వినకపోవడం ఉంటాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా తిండి మానేస్తే డాక్టరుకు చూపించండి.

పాలు తాగే బిడ్డయితే మూడు నాలుగు గంటలకోసారి పాలు తీయాల్సి వస్తుంది. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లున్న ఇన్సులేటెడ్ బ్యాగులో 24 గంటలు నిలుస్తాయి. విజయవాడ మే నెలలో 25 డిగ్రీల గది ఎక్కడుంటుంది, ఐస్ బ్యాగే దిక్కు. తలుపు గడియపడే గది ఒకటి డిపార్ట్‌మెంట్‌లో ముందే అడిగి పెట్టుకోండి.

వంట

రోజూ రెండుపూటలా కూర, పప్పు, చారు, పచ్చడి సాగవు. పొద్దున టిఫిన్‌కు ఆదివారం, బుధవారం పిండి రుబ్బితే వారం గడుస్తుంది. ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. వేసవిలో ఐదారు గంటల్లో పొంగుతుంది, డిసెంబరులో రాత్రంతా పెట్టినా ఒక్కోసారి చాలదు. పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టి, కావలసినంతే విడిగా తీసుకోండి. గిన్నె మొత్తం బయటికి, లోపలికి తిప్పితే మూడో రోజుకే పులిసిపోతుంది. ఉప్పువేసి ఉడికించిన చింతపండు గుజ్జు, సమపాళ్ళలో నూరిన అల్లం వెల్లుల్లి, కందిపొడి, కరివేపాకు పొడి ఆదివారమే చేసి పెట్టుకుంటే పనిరోజు వంట అరగంటలో అవుతుంది. వారానికి రెండు రాత్రులు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని ఇంట్లో అన్నం వండుకోవడాన్ని తప్పుగా చూడనక్కర్లేదు. నాన్నకు పప్పు, చారు, ఉప్మా, కోడిగుడ్డు పొరటు వస్తే చాలు, ఇల్లు నడుస్తుంది.

జ్వరం వచ్చిన పొద్దున

ఆరున్నరకు థర్మామీటర్ 101 చూపించాక, ఈ రోజు సెలవు ఎవరిదని వాదన మొదలైతే ఇద్దరికీ ఆలస్యమే. వంతు ముందే రాసి ఉండాలి: సోమ, బుధ, శుక్ర నాన్న, మంగళ, గురు అమ్మ. ల్యాబ్ లేదా ఇంటర్నల్ ఉన్న రోజు ఎప్పుడూ నాన్నదే. నాన్నకు కదలని మీటింగ్ ఉంటే మూడో మనిషి, ఆ పేరూ నంబరూ ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. పిల్లల డాక్టరు చేత ఎన్ని మిల్లీలీటర్లో రాయించి సీసా పక్కనే పెట్టి, బరువు పెరిగినప్పుడల్లా మార్పించుకోండి. ఒకే పేరున్న సిరప్‌లు వేర్వేరు గాఢతల్లో వస్తాయి, సీసా మారితే లెక్కా మారుతుంది.

చదువు ఎక్కడ, ఎప్పుడు

ఇంటికొచ్చి చదువుతాననే ఆలోచన మానేయండి. అమ్మ గదిలో ఉందని తెలిస్తే పిల్లలు తలుపు కొడుతూనే ఉంటారు. క్లాసులయ్యాక రెండు గంటలు లైబ్రరీలోనే ఉండి, ఆ పూట చదువు అక్కడే ముగించి రావాలి. ఇంటికి 'నాలుగు దాకా క్లాసులు' అని కాదు, 'ఆరింటిదాకా కాలేజీ' అని మొదటినుంచీ చెప్పండి. ఇంటికొచ్చిన మొదటి అరగంట ఫోను పక్కన పెట్టి పిల్లలతోనే ఉంటే ఆ తర్వాత వాళ్ళు కాస్త వదులుతారు. ఇంకా సమయం కావాలంటే రాత్రి పదింటికే పడుకుని నాలుగున్నరకు లేవడం, అర్ధరాత్రిదాకా కూర్చోవడం కన్నా నయం. నిద్ర ఆరు గంటల కన్నా తగ్గితే జలుబు తేలిగ్గా పట్టుకుంటుంది.

స్కూలు క్యాలెండర్, యూనివర్సిటీ క్యాలెండర్ కలవవు. గోడ క్యాలెండర్ ఒక్కదానిమీదే రెండు రంగుల్లో గుర్తు పెట్టండి. స్కూళ్ళకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు, దసరాకు పదిరోజుల పైన. పీజీ పరీక్షలు ఆ రోజుల్లో పడటం తరచూ జరిగేదే. సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ వాయిదా పడటమూ మామూలే కాబట్టి అమ్మమ్మ ఊరికి పిల్లల టికెట్లు రద్దుచేసుకునే వీలున్నవే తీయండి.

పీహెచ్‌డీ అయితే

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్క్‌తో (మొదట్లో చదవాల్సిన క్లాసులతో) కలిపి కనీసం 3, గరిష్ఠంగా 6 ఏళ్ళు. రీరిజిస్ట్రేషన్‌తో 2 ఏళ్ళు పొడిగింపు దొరుకుతుంది, మహిళలకు మరో 2, అంతా కలిపి 10 దాటకూడదు. ప్రసూతి సెలవు లేదా పిల్లల సంరక్షణ సెలవు మొత్తం కాలానికి 240 రోజులదాకా ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అనే ఉంది కాబట్టి దరఖాస్తును గైడ్ సిఫారసుతో, సెలవు మొదలవక ముందే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. ఆ సెలవులో ఫెలోషిప్ కొనసాగుతుందా అన్నది నిధులిచ్చే సంస్థను విడిగా అడగాల్సిన ప్రశ్న. గైడ్‌తో సమావేశాలు సాయంత్రం ఐదు తర్వాత పెట్టవద్దని మొదటి నెలలోనే మర్యాదగా చెప్పేయండి. రెండో ఏడాదిలో ఆ మాట ఎత్తితే వినేవారు తక్కువ.