ఇంటి దగ్గరే కారు బ్రేకుల పరీక్ష – మూడో పాఠం: పెడల్ మీద కాలు పెట్టి చూద్దాం

పోయిన పాఠంలో చక్రం సందుల్లోంచి టార్చి వేసి ప్యాడ్లు ఎంత మిగిలాయో చూశాం, మందం 3 మిల్లీమీటర్లకు వచ్చేస్తే మార్చేయమని చెప్పాను. ఈసారి జాకీ కూడా అక్కర్లేదు. కారును చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో) సీట్లో కూర్చోండి.

ముందు బూస్టర్ సంగతి, అంటే ఇంజిన్ వాక్యూమ్‌తో (గాలిని పీల్చే లాగుడుతో) మన కాలి బలాన్ని పెంచే భాగం. ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కండి, నొక్కే కొద్దీ గట్టిపడుతుంది. అప్పుడు కాలు తీయకుండా, అంతే బలంతో నొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. కాలి కింద పెడల్ కాస్త దిగాలి. దిగితే బూస్టర్ బాగున్నట్టే. రాయిలా అలాగే ఉండిపోయిందంటే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు, ఇంజిన్ నుంచి వచ్చే గొట్టం ఊడో పగిలో ఉండాలి, లేదంటే బూస్టరే పాడై ఉండాలి. ఇలాంటి కారుకు బ్రేక్ పడుతుంది కానీ కాలి బలమంతా పెట్టాలి. దీన్ని ప్యాడ్ల తప్పనుకుని, బాగున్న ప్యాడ్లు తీయించి కొత్తవి వేయించుకునేవాళ్లు ఉన్నారు, డబ్బు పోతుంది, పెడల్ మాత్రం మారదు.

ఇంజిన్ నడుస్తుండగానే రెండోది. పెడల్‌ను మామూలుగా నొక్కి అరనిమిషం అలాగే పట్టుకోండి. ఒకచోట నిలబడాలి. మెల్లగా కిందికి జారిపోతోందా, ఎక్కడో లీకు ఉంది. చక్రాల లోపలి వైపు, కారు కింద తడి ఉందేమో చూడండి. బయట ఎక్కడా తడి లేదు, బానెట్ కింది డబ్బాలో బ్రేక్ ఆయిల్ కూడా తగ్గలేదు, అయినా జారుతోందంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) లోపలి సీళ్లు అరిగి ఉంటాయి. లీకు ఎక్కడున్నా సరే ఆ కారును గ్యారేజీ దాకా కూడా నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

కొంచెం తికమకపెట్టేది మూడోది. మొదటిసారి పెడల్ లోతుకు పోయి, వెంటవెంటనే రెండు మూడు సార్లు నొక్కితే పైకి వస్తుంది. దీనికి రెండు కారణాలుంటాయి, తేడా కాలికే తెలుస్తుంది. రబ్బరు బంతిని నొక్కినట్టు మెత్తగా ఉంటే ఆయిల్ గొట్టాల్లో గాలి చేరింది, బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలిని బయటికి తీయించాలి. లోతుకు పోయినా అక్కడ గట్టిగా ఆగుతుంటే వెనక డ్రమ్ముల్లో (చక్రంతో తిరిగే గిన్నెల్లాంటివి) షూలకీ, అంటే లోపలి నుంచి ఒరుసుకుని బ్రేక్ వేసే ముక్కలకీ, డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉండొచ్చు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే కాబట్టి దీన్ని మరిచిపోకండి.

ఇక బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. తగ్గిందని వెంటనే పోసేయకండి! ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని నొక్కే కాలిపర్ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. ఇప్పుడు నిండా పోస్తే, రేపు కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టగానే పొంగి కారుతుంది, పడినచోట పెయింట్‌ను తినేస్తుంది.

మట్టం సరిగ్గా ఉన్నా ఆయిల్ పాతబడిందేమో చూసుకోవాలి. ఈ ఆయిల్ గాల్లోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ చేరాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తబడుతుంది. నేనోసారి తిరుమల నుంచి దిగుతూ, రెండో గేరులో రాకుండా బ్రేకు మీదే కాలు పెట్టి వచ్చాను, సగం దారిలో పెడల్ మెత్తబడిపోయింది. పక్కకు ఆపి ముప్పావుగంట చల్లారనిచ్చాక మామూలైంది. ఆ ఆయిల్ నాలుగేళ్లుగా మార్చలేదు. వెనక సీట్లో అమ్మ ఉంది, ఆ భయం ఇప్పటికీ పోలేదు నాకు. రెండేళ్లకోసారి మార్పించండి, డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయించండి.

మూడు పరీక్షల్లో మీ పెడల్ ఏం చేసిందో ఒక కాగితం మీద రాసి కార్లోనే ఉంచండి. బ్రేక్ వేస్తే కారు ఒక పక్కకు లాగడం, ఒక్క చక్రమే వేడెక్కడం, ఇవి నాలుగో పాఠంలో. అప్పుడు ఆ కాగితం కావాలి.