నిద్ర పట్టదేమో అనే భయంతో మంచం ఎక్కేవాళ్ళ కోసం

ముందే చెప్పేస్తున్నా, పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగండి, గదిలో లైటు తగ్గించండి, ఫోన్ పక్కన పడేయండి లాంటివి ఇందులో పెద్దగా ఉండవు. నెలల తరబడి నిద్ర లేనివాళ్ళు అవన్నీ ఎప్పుడో చేసేసి, ఏదీ పని చేయక, ఇంక నా బతుకింతే అనుకునే స్టేజ్‌లో ఉంటారు. నేనూ దాదాపు మూడేళ్ళు అక్కడే ఉన్నా. వారానికి కనీసం 3 రాత్రులు, అలా 3 నెలలు దాటి సాగితే డాక్టర్లు దాన్ని క్రానిక్ ఇన్‌సోమ్నియా అంటారు, అంటే పడుకోడానికి టైమ్ ఉండి కూడా నిద్ర పట్టకపోవడం, మధ్యలో లేస్తే మళ్ళీ కన్ను మూతపడకపోవడం, తెల్లారకముందే మెలకువ వచ్చేయడం, వీటిలో ఏదైనా సరే, దానివల్ల పగలు కూడా ఇబ్బందిగా ఉండాలి. ఏదో పరీక్షలనో ఇంట్లో గొడవలనో ఓ పది రోజులు నిద్ర చెడితే మాత్రం ఈ హంగామా అంతా అక్కర్లేదు, అది దానంతటదే సర్దుకుంటుంది, దాన్ని కదపకపోవడమే మంచిది.

ఆ పది రోజుల్ని మనం కదపడం వల్లే చాలాసార్లు మూడేళ్ళు అవుతుంది. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1980ల్లో దీన్ని మూడు ముక్కలుగా చెప్పాడు: కొంతమందికి ముందునుంచీ ఉండే స్వభావం, దానికి నిప్పు పెట్టిన సంఘటన, తర్వాత ఆరకుండా ఎగదోసే అలవాట్లు. నా విషయంలో నిప్పు ఉద్యోగం మారడం. రెండు నెలల్లో ఆ ఉద్యోగం కుదురుకుంది, నిద్ర మాత్రం కుదురుకోలేదు. ఎందుకంటే ఆ రెండు నెలల్లో నేను నేర్చుకున్న తెలివితేటలన్నీ అలాగే ఉండిపోయాయి, నిద్ర తక్కువైంది కాబట్టి తొమ్మిదింటికే మంచం ఎక్కడం, సెలవు రోజు పదింటిదాకా దుప్పటి తీయకపోవడం, మధ్యాహ్నం గంటన్నర కునుకు, సాయంత్రం ఎవరైనా రమ్మంటే వద్దులే రాత్రి నిద్ర చెడుతుంది అని మానేయడం. విడివిడిగా చూస్తే అన్నీ సబబే. అన్నీ కలిస్తే అవే జబ్బు.

ఎందుకో అర్థం కావాలంటే నిద్ర ఎలా వస్తుందో కొంచెం తెలియాలి. అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త 1982లో రెండు శక్తుల మోడల్ ఒకటి పెట్టాడు, ఇప్పటికీ అందరూ దాంతోనే చెప్తారు. ఒకటి నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, అదే మనకి మగతగా తెలుస్తుంది, పడుకుంటే కరుగుతుంది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్ళు అనేది దీన్నే, ఒత్తిడి సరిపడా పోగైతే నేల మీదైనా పడుతుంది, పోగవకపోతే పరుపు మీద కూడా పట్టదు. రెండోది ఒంట్లో గడియారం, అది రోజూ ఒకే వేళకి లేవడాన్ని బట్టి, పొద్దున కళ్ళ మీద పడే వెలుతురుని బట్టి తిరుగుతుంది. ఇప్పుడు నేను చేసినవి మళ్ళీ చూడండి. మధ్యాహ్నం కునుకు ఒత్తిడిని ముందే ఖర్చు పెట్టేసింది, ఆదివారం పదింటికి లేవడం గడియారాన్ని వెనక్కి తిప్పేసింది. కాఫీ అడినోసిన్ అతుక్కునే చోట్లని ఆక్రమించి కూర్చుంటుంది, దానిలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సగటున 5, 6 గంటలు, సాయంత్రం నాలుగింటికి తాగితే రాత్రి పదికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

ఈ రెండిటి పైన కూర్చునేది మూడోది, భయం. సోఫాలో టీవీ ముందు తల వాలిపోతూ ఉంటుంది, సరే అని లేచి మంచం ఎక్కగానే కళ్ళు టపీమని తెరుచుకుంటాయి, గుండె చప్పుడు దిండులో వినిపిస్తుంది. ఇది మీకు తెలిసి ఉంటే మీ మెదడు మంచాన్ని కుస్తీ బరిగా గుర్తుపెట్టేసుకుందని అర్థం. నెలల పాటు అక్కడ పడుకుని లెక్కలేసుకున్నాం కదా, ఇప్పుడు పడితే నాలుగు గంటలు, ఇప్పుడు పడితే మూడున్నర అని.

పని మొదలుపెట్టేది డైరీతో. రెండు వారాలు రోజూ పొద్దున లేచాక, రాత్రి ఎన్నింటికి మంచం ఎక్కా, సుమారు ఎన్నింటికి పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువ, ఎన్నింటికి లేచా అని రాసుకోండి. రాత్రి గడియారం చూసి రాయకండి, పొద్దున గుర్తున్నంత అంచనాతో చాలు, నేనైతే గడియారాన్ని గోడవైపు తిప్పేసి ఫోన్ పక్కగదిలో పెట్టా. వారం సగటు తీసి, నిద్రపోయిన గంటల్ని మంచం మీద ఉన్న గంటలతో భాగించి 100తో గుణించండి. నాది తొమ్మిదిన్నర గంటలు మంచం, అయిదున్నర నిద్ర, అంటే 58 శాతం. మిగతా నాలుగు గంటలు కుస్తీ. మీ సగటు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ఆశ్చర్యపోకండి, నిద్రలేమి ఉన్నవాళ్ళు పడుకున్న టైమ్‌ని తక్కువగా అంచనా వేసుకోవడం మామూలే, తేలికపాటి నిద్రలో ఉన్నా మెలకువగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

తర్వాత లేచే టైమ్ ఒకటి ఖాయం చేసుకోవాలి. ఆరు అంటే ఆరే, నాలుగింటికి పట్టినా ఆరే, సెలవైనా ఆరే. పడుకునే టైమ్ మన చేతిలో ఉండదు కానీ లేచే టైమ్ ఉంటుంది, అలారం ఉంది కాబట్టి. లేవగానే ఓ పావుగంట అరగంట బయటి వెలుతురులో తిరగండి.

ఇప్పుడు అసలు మందు, చేదు మందు కూడా ఇదే. దీన్ని స్లీప్ రెస్ట్రిక్షన్ అంటారు, ఇది కూడా ఆ స్పీల్‌మన్ పెట్టిందే. మీరు సగటున ఎంత నిద్రపోతున్నారో మంచం మీద అంతసేపే ఉండాలి. నాకు అయిదున్నర కాబట్టి ఆరింటికి లేవాలంటే పన్నెండున్నరకి ముందు మంచం దగ్గరికే వెళ్ళకూడదు. లెక్క ఎంత వచ్చినా 5 గంటల కంటే తగ్గించొద్దు. ఇలా వారం ఉండి మళ్ళీ లెక్క వేస్తే 85 శాతం దాటితే ఇంకో 15 నిమిషాలు ముందు పడుకోవచ్చు, 80 కంటే తక్కువుంటే 15 నిమిషాలు తగ్గించాలి, మధ్యలో ఉంటే అలాగే ఉంచాలి. వినడానికి పిచ్చిగా ఉంటుంది నాకు తెలుసు, నిద్ర లేదు మొర్రో అని ఏడుస్తుంటే ఇంకా తక్కువసేపు పడుకోమంటారేంటి అని నేనూ తిట్టుకున్నా. మొదటి పది పన్నెండు రోజులు ఘోరంగా ఉంటుంది, రాత్రి పదకొండుకి నిలబడి బట్టలు మడతపెడుతూ తూలిపోయేవాణ్ణి, పగలు మాటలు తడబడేవి. కానీ మూడేళ్ళుగా నిద్రని నేను బతిమాలుతుంటే మొదటిసారి నిద్రని నేను ఆపాల్సి వచ్చింది, ఆ తేడా చాలా పెద్దది. రెండో వారం చివర్లో ఒకరోజు దిండు మీద తల పెట్టింది గుర్తుంది, తర్వాత అలారమే.

అందరూ చేయకూడదు ఇది. బైపోలార్, మూర్ఛ, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవాళ్ళు, గర్భిణులు, లారీలు బస్సులు నడిపేవాళ్ళు, ఎత్తు మీద లేదా మెషీన్ల దగ్గర పని చేసేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు, నిద్ర తగ్గడమే వాళ్ళకి ప్రమాదం కావచ్చు. మిగతావాళ్ళు కూడా ఆ రెండు వారాలు మగతగా ఉంటే బండి తీయకండి. తప్పనిసరైతే ముందు ఓ ఇరవై నిమిషాలు కునుకు తీయండి, ప్లాన్ చెడినా పర్లేదు, ప్రాణం ముఖ్యం.

దీంతో పాటే రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్ట్ 1972లో చెప్పిన పద్ధతి ఒకటుంది, మంచానికి ఉన్న చెడ్డపేరు పోగొట్టడానికి. నిద్ర వస్తేనే మంచం ఎక్కాలి, పట్టకపోతే దిగిపోవాలి, అంతే. ఇక్కడ చాలామంది తప్పు చేసేది అలసటని నిద్ర అనుకోవడం. ఒళ్ళు హూనమైపోవడం అలసట, కళ్ళు మండుతూ చదివిన లైనే మళ్ళీ చదువుతూ తల వాలిపోతుంటే అది నిద్ర. పడుకున్నాక సుమారు పావుగంట ఇరవై నిమిషాలైంది అనిపిస్తే, గడియారం చూడక్కర్లేదు చిరాకు మొదలవ్వడమే గుర్తు, లేచి ఇంకో గదిలోకి వెళ్ళి తక్కువ లైటులో ఏదో చప్పిడి పని చేసుకోండి. నేను పాత మేగజైన్లు చదివేవాణ్ణి, ఆఫీసు మెయిల్స్ మాత్రం వద్దు. మళ్ళీ మగత వస్తే వెళ్ళండి, పట్టకపోతే మళ్ళీ దిగండి, ఒక్కో రాత్రి నాలుగైదు సార్లు అవుతుంది. మంచం మీద సీరియళ్ళు, తిండి, లెక్కలు ఏవీ వద్దు, నిద్ర, భార్యాభర్తల సంగతి ఈ రెండే.

ఇంక ఆలోచనల సంగతి. రాత్రి వచ్చే ఆలోచనల్ని రాత్రి ఆపలేం, అందుకని సాయంత్రం ఏడింటికి పావుగంట కూర్చుని బుర్రలో ఉన్నవన్నీ కాగితం మీద పెట్టేయండి, ఒక్కోదాని పక్కన రేపు చేయగలిగే చిన్న పని ఏదైనా ఉంటే అదీ రాయండి. రాత్రి అదే ఆలోచన వస్తే, కాగితంలో ఉందిలే అనుకోవచ్చు. పూర్తిగా పోదు, జోరు తగ్గుతుంది.

నిద్ర గురించిన భయాలు మాత్రం వేరే రకం, వాటిని లెక్కలతో కొట్టాలి. నా పెద్ద భయం, నిద్ర లేకపోతే రేపు ఆఫీసులో పరువు పోతుంది అని. డైరీలోనే పక్కన ఇంకో గడి పెట్టి పగలు ఎలా గడిచిందో పదికి మార్కులు వేసుకున్నా, నెల తర్వాత చూస్తే నిద్ర సరిగా లేని రోజులన్నీ చెడ్డ రోజులు కావు, బాగా పడుకున్న రోజులన్నీ మంచివీ కావు. రెండో భయం, పోయిన నిద్రంతా అప్పులా పేరుకుపోతుంది ఇంక తీరదు అని. 1964 జనవరి దాకా సాగిన ఒక ప్రయోగంలో రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ కుర్రాడు 264 గంటలు, అంటే 11 రోజులు మెలకువగా ఉన్నాడు. తర్వాత పోయిన గంటలన్నీ లెక్కగట్టి పడుకోలేదు, మొదటిసారి 14 గంటల చిల్లర పడుకుని లేచాడు. అది చేయదగ్గ పని కాదు, చెప్పొచ్చేదేంటంటే ఒళ్ళు గంటకి గంట తీర్చుకోదు, లోతుగా పడుకుని తీర్చుకుంటుంది. ఇంక అర్ధరాత్రి వెతుకుతుంటే ప్రాణం తీసే నిద్రలేమి అని ఒక జబ్బు కనిపిస్తుంది, అందరం అక్కడిదాకా వెళ్ళొస్తాం, అది మహా అరుదైన మెదడు జబ్బు, టెన్షన్ వల్ల వచ్చే నిద్రలేమి అలా మారదు.

చేతికి పెట్టుకునే ట్రాకర్ వాచ్ ఉంటే కొన్నాళ్ళు తీసేయండి, మంచి స్కోర్ కోసం పడే ఆరాటంతోనే నిద్ర చెడిపోవడానికి 2017లో డాక్టర్లు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. దీనికి విరుగుడులాంటి పాత చిట్కా ఒకటుంది, లైటు ఆర్పి పడుకుని కళ్ళు తెరిచే ఉంచడానికి ప్రయత్నించండి, ఇంకో నిమిషం మెలకువగా ఉందాం అనుకోండి. ప్రయత్నం అటు తిరిగితే నిద్ర ఇటునుంచి వస్తుంది, నాకు మూడు రాత్రుల్లో రెండుసార్లు పని చేసేది.

మాత్రల గురించి. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం, క్రానిక్ ఇన్‌సోమ్నియా ఉన్న పెద్దవాళ్ళందరికీ ముందు ఇవ్వాల్సింది మాత్ర కాదు, నేను పైన చెప్పిన పద్ధతులన్నీ కలిపిన సీబీటీ-ఐ (నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని చెప్పింది. తెలిసిన సైకాలజిస్ట్ దొరికితే వాళ్ళతో చేయడమే బెస్ట్, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది సెషన్లు. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే ఇది చదివి ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే నిద్ర ముందుకంటే ఎక్కువ చెడుతుంది, కొన్నిటికి ఫిట్స్ దాకా వెళ్ళే ప్రమాదం ఉంది, రాసిన డాక్టర్ చేతే మెల్లగా తగ్గించుకోవాలి. మందు కొట్టి పడుకోవడం గురించి ఒకటే మాట, తొందరగా పడేస్తుంది, తెల్లవారుజామున లేపేస్తుంది.

ఇవేవీ మొదలుపెట్టకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గట్టిగా గురక, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి వైద్యం వేరు. రాత్రిపూట కాళ్ళు జివ్వుమని లాగుతూ కదిపితే గానీ ఊరుకోకపోతే ఐరన్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా నిద్ర చెడుతుంది. ఇంక బతికి ఏం లాభం అనే ఆలోచనలు వస్తుంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఇంట్లో ఎవరికైనా చెప్పి వాళ్ళని తోడు తీసుకెళ్ళండి.

నాకు దారికి రావడానికి ఏడెనిమిది వారాలు పట్టింది, ఇప్పుడు ఆరున్నర గంటలు పడుకుంటున్నా, ఎనిమిది ఎప్పుడూ రాలేదు, రావాలని చూడటం కూడా మానేశా. మధ్యమధ్యలో చెడ్డ రాత్రులు ఉంటాయి. అలాంటి రాత్రి తర్వాత చేయాల్సింది ఏంటంటే అదే టైమ్‌కి లేవడం, అనుకున్న పనులన్నీ చేసుకోవడం, రాత్రి తొందరగా పడుకోకపోవడం. రెండు వారాలు దాటి వరసగా చెడితే మళ్ళీ డైరీ తీయండి, మంచం టైమ్ ఓ గంట కుదించండి. పోయిన వానాకాలం నాకు అలాగే అయింది, రెండోసారి అంత కష్టం కాలేదు, ఆరు రోజుల్లో సర్దుకుంది.