జెనాన్ గొట్టంలో రామ్‌సావర్ కనిష్ఠం దొరికిన తీరు

ఒకానొక తక్కువ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లు జెనాన్ పరమాణువులకు తగిలి చెదరడం, అంటే పరిక్షేపణం, అతి తక్కువ కావడమే రామ్‌సావర్ కనిష్ఠం. అనంతపురంలోని మా ప్రయోగశాలలో, జెనాన్ నింపిన 2డి21 థైరట్రాన్ అనే ఎలక్ట్రాన్ గొట్టంలో సుమారు 0.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పరిక్షేపణం బాగా తగ్గి ప్లేటుకు (ఎలక్ట్రాన్లను అందుకునే పలకకు) చేరే కరెంటు ఉబకవలసిన చోట గ్రాఫులో గీత చదునుగా సాగిపోయింది. ఫిలమెంటు అతిగా వేడెక్కి ఎలక్ట్రాన్ల శక్తులు చెదురుతున్నాయని తోచి, దానికిచ్చే 6.3 వోల్టులను 4కు తగ్గించగానే గీతలో గూని లేచింది. అది జెనాన్‌దేనా, గొట్టం నిర్మాణానిదా అన్నది తేలాలంటే వాయువును గడ్డకట్టించి ఎలక్ట్రాన్ల దారి నుంచి తప్పించాలి. అందుకు కావలసిన ద్రవ నత్రజని, పశువుల కృత్రిమ గర్భధారణకు వీర్యపు స్ట్రాలను దాచే క్యాన్లలో ఉండేదే కనుక, ఊళ్లోనే దొరికింది. జెనాన్ 161 కెల్విన్ దగ్గరే గడ్డకడుతుంది. గొట్టం కొనను 77 కెల్విన్ ద్రవంలో ముంచేసరికి గూని మాయమైంది. రెండు స్థితుల కరెంట్లను పోల్చి, స్పర్శ విభవాన్ని (గొట్టంలోని వేర్వేరు లోహాల మధ్య సహజంగా ఉండే వోల్టేజీని) కలిపి లెక్కించాక కనిష్ఠం తన చోటికి వచ్చింది.