స్నో బ్లోయర్ స్టార్ట్ చేసే ముందు

స్నో బ్లోయర్ అంటే దారి మీద పడ్డ మంచును లాగి, గొట్టంలోంచి దూరంగా విసిరే యంత్రం. కొనేటప్పుడే మీ దారి ఎలాంటిదో చూసుకోండి. సిమెంటు నేల మీద 20 సెంటీమీటర్ల లోపు మంచుకు సింగిల్ స్టేజ్ యంత్రం (ఒకే బ్లేడు మంచును లాగి, విసిరేది కూడా) చాలు. దాని బ్లేడు నేలను రాసుకుంటూ పోతుంది కాబట్టి కంకర దారికి వద్దు, రాళ్లు తూటాల్లా ఎగురుతాయి. అక్కడ టూ స్టేజ్ (బ్లేడు లాగిన మంచును వెనకున్న ఫ్యాను విసిరేది) తీసుకుని, పక్కనుండే స్కిడ్ షూలతో (నేల మీద జారే పట్టీలతో) ముందుభాగాన్ని కాస్త ఎత్తులో బిగించుకోండి.

• మంచు పడకముందే కాళ్లు తుడుచుకునే పట్టాలు, బొమ్మలు, వైర్లు తీసేయండి.
• మెడలో వేలాడే మఫ్లర్ వద్దు. జారని బూట్లు వేసుకోండి.
• పెట్రోలు ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పోయండి. గ్యారేజీలో, తలుపు తెరిచి ఉన్నా సరే, ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
• గొట్టం మూతి మనుషుల వైపు, కిటికీల వైపు తిప్పకండి. పిల్లలు ఇంట్లోనే ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం: గొట్టంలో తడిమంచు ఇరుక్కుంటే చెయ్యి పెట్టకండి. చేతితొడుగు ఉన్నా పెట్టకండి! ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, లోపల తిరిగేవన్నీ పూర్తిగా ఆగనివ్వండి. అప్పుడు కూడా కర్రతోనే తీయండి. ఇరుక్కున్న బ్లేడులో బిగువు మిగిలి ఉండవచ్చు; మంచు వదలగానే అది గిర్రున తిరిగి వేళ్లు తెంచేయగలదు.